రానివాళ్ల గురించి కూడా రాయి

తమ్ముడూ,

గన్స్ అండ్ రోజెస్ అనే అమెరికా రాక్ బ్యాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. తేదీలు సరిగ్గానే ఉన్నాయి. చదువుతుంటే మాత్రం మన పాత సినిమా చూసినట్టుంది: పేదరికం, పేరు, తగువు, చివర్లో అందరూ నవ్వుతూ గ్రూప్ ఫోటో.

'రాత్రికి రాత్రే స్టార్లయ్యారు' అన్నావు. కాలేదయ్యా. 1985లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన బ్యాండ్. మొదటి ఆల్బమ్ 'ఎపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్' 1987 జులైలో వచ్చింది. అది అమెరికాలో నంబర్ వన్ అయ్యేసరికి 1988 ఆగస్టు. ఆ ఏడాది పాటు వీళ్లు ఏం చేశారు? ఐరన్ మెయిడెన్, ఏరోస్మిత్ లాంటి పెద్దవాళ్ల కచేరీల్లో ముందుగా వాయించే కుర్రాళ్లుగా ఊరూరా తిరిగారు. పాటల వీడియోలు వేసే టీవీ చానెల్ ఎంటీవీ మొదట్లో వీళ్ల వీడియో వెయ్యడానికే వెనకాడింది. నీ కథ ఉన్నది ఆ ఏడాదిలో. నువ్వేమో దాన్ని ఒక్క కామాతో దాటేశావు.

'స్వీట్ చైల్డ్ ఓ మైన్' పాటలో గిటార్‌ని 'అద్భుతం' అని వదిలేశావు. అద్భుతం అన్న మాట ఎవరైనా రాస్తారు. అది గిటారిస్ట్ స్లాష్ వేళ్ల సాధన కోసం వాయించుకుంటున్న వరస. పక్కనున్న రెండో గిటారిస్ట్ ఇజ్జీ దానికి కార్డ్స్ (తోడుగా మోగే స్వరాల గుత్తులు) కలిపాడు. పైగదిలో ఉన్న గాయకుడు ఆక్సెల్ అది విని మాటలు రాసుకున్నాడు. ఇలా రాస్తే పాఠకుడు ఆ ఇంట్లోకి అడుగుపెడతాడు.

ఇక విడిపోవడం. 'ఇగో గొడవలు' అని తేల్చేశావు. వాళ్లు విడిపోవడానికి ఏడేళ్లు పట్టింది. డ్రమ్మర్ స్టీవెన్ ఆడ్లర్‌ని మత్తు అలవాటు వల్ల 1990లో తీసేశారు. ఆ తర్వాత ఇజ్జీ తాగుడూ మత్తుమందులూ మానేసి, మిగతావాళ్లతో కాకుండా వేరే బస్సులో ప్రయాణించడం మొదలుపెట్టాడు. నాకు ఆ బస్సు కనపడాలి. ఒకే రోడ్డు, ఒకే కచేరీ, రెండు బస్సులు. 1991 జులైలో సెయింట్ లూయిస్ దగ్గర ఆక్సెల్ కోపంతో స్టేజీ దిగిపోతే జనం అల్లరికి దిగారు. అదే నవంబర్‌లో ఇజ్జీ బయటికొచ్చేశాడు. ఇండియానాలో ఆక్సెల్‌తో కలిసి పెరిగిన స్నేహితుడు ఇతను! స్లాష్ 1996లో, బేస్ వాయించే డఫ్ 1997లో వెళ్లిపోయారు. బ్యాండ్ పేరు ఆక్సెల్ దగ్గర ఉండిపోయింది. 2012 డిసెంబర్‌లో బెంగళూరులో కచేరీ చూసొచ్చిన మా మేనల్లుడు 'పాటలన్నీ పాడారు మామయ్యా, స్లాషే లేడు' అన్నాడు. స్లాష్‌ని కూడా వెంటబెట్టుకుని వాళ్లు మన దేశం వచ్చింది 2025 మేలో, ముంబైకి.

నా తప్పు ఒకటి చెప్తాను. నీ వయసులో మా ఊరి ఆర్కెస్ట్రా మీద రాశాను. పదేళ్లు విడిపోయి, ఒక పెళ్లిలో మళ్లీ కలిసి పాడారు. గాయకులిద్దరూ కౌగిలించుకోవడం గురించి పేజీన్నర రాశాను. పత్రికలో వచ్చాక పాత తబలా ఆయన బజార్లో కనపడి, 'నన్ను పిలవలేదని రాయలేదేం బాబూ?' అన్నాడు. అసలు అడగాలని కూడా తోచలేదు నాకు.

అందుకే నీ చివరి పేజీ దగ్గర ఆగిపోయాను. 2016 ఏప్రిల్ 1న ట్రూబడోర్ అనే చిన్న హాల్లో ఆక్సెల్, స్లాష్, డఫ్ మళ్లీ కలిశారు, నిజమే. అక్కడే ఆక్సెల్ పాదం విరిగింది. తర్వాతి కచేరీల్లో, స్టేజీ అంతా పరుగులు పెట్టే మనిషి, ఇంకో రాక్ గాయకుడు డేవ్ గ్రోల్ దగ్గర అరువు తెచ్చుకున్న సింహాసనంలో కూర్చుని పాడాడు. ఆ టూర్ 58 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. ఇదంతా రాసి, ఇజ్జీ ఎందుకు రాలేదో రాయలేదు. వచ్చే డబ్బు సమానంగా పంచుకోవడానికి వాళ్లు ఒప్పుకోలేదని అతనే చెప్పాడు. ఆడ్లర్ సంగతీ లేదు. ఇరవై ఆరేళ్ల తర్వాత, 2016 జులైలో సిన్సినాటిలో అతన్ని పిలిచి డ్రమ్స్ ముందు కూర్చోబెట్టారు. రెండు పాటలు వాయించాడు. తర్వాత మళ్లీ వేరే డ్రమ్మర్.

ఆ రెండు పాటల దగ్గర మొదలుపెట్టి తిరగరాయి. టైటిల్‌లో 'రీయూనియన్' తీసెయ్. అన్నట్టు, నువ్వు పంపిన ఫోటో కింద అయిదు పేర్లు రాశావు గానీ, అందులో ఉన్నది నలుగురే. మళ్లీ ఒకసారి చూసుకో.

ఇట్లు,
మీ అన్నయ్య