నీతిమంతుడుగా ‘తీర్చబడటం’ అంటే?

సందేహం: ఈమధ్య చనిపోయిన మా నాయన సమాధి రాయి మీద ‘నీతిమంతుడు’ అని చెక్కించమన్నారు మా పాస్టర్ గారు. నాయన మంచోడే గానీ కోపిష్టి, కొన్నాళ్లు తాగిండు, బాకీలూ ఎగ్గొట్టిండు. ఊళ్లోవాళ్లు ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది. ఆ మాట తప్పు కాదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: అమ్మా, మీ అనుమానం సబబైనదే. మన వాడుకలో నీతి అంటే నడవడి. లంచం ముట్టని తహసీల్దారును నీతిమంతుడంటాం. ఓరుగల్లు ఏలిన కాకతీయ రుద్రదేవుడి పేర ఉన్న ‘నీతిసారం’ రాజు నడుచుకోవాల్సిన తీరు గురించే. బైబిల్లో ఈ అర్థమూ ఉంది. దాంతోపాటు ఇంకొకటుంది: తీర్పు చెప్పేవాడి ముందు న్యాయం ఎవరి పక్షాన ఉందన్నది.

ఆదికాండంలో తామారు కథ చూడండి. విధవరాలైన కోడలికి చిన్నకొడుకునిచ్చి పెళ్లి చేస్తానన్న యూదా మాట తప్పాడు. ఆమె ముసుగేసుకుని అతనివల్లే గర్భవతి అయింది. కాల్చేయమన్న మామకు అతని ముద్ర, కర్ర పంపింది. గుర్తుపట్టి యూదా అన్నమాట, ఆమె నాకంటె నీతిమంతురాలని. నడవడిని బట్టి చూస్తే ఇది పొసగదు. పెద్దమనుషులు పంచాయితి తెంపుతూ ‘న్యాయం ఈమె దిక్కే ఉంది’ అన్నట్టు చదివితే పొసుగుతుంది.

అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, ఆ నమ్మకాన్నే దేవుడు అతనికి నీతిగా ఎంచాడు. యేసు అపొస్తలుడైన పౌలు, రోమా సంఘానికి రాసిన పత్రికలో దీన్ని పట్టుకునే, పాపికి ఈ తీర్పు కృపవల్ల ఉచితంగా దొరుకుతుందని వాదించాడు.

మన అనువాదకులు ఇక్కడ ‘తీర్చు’ అన్నారు. ఎంత గొప్ప ఎంపికో! తగవు తీర్చడమంటే తీర్పు చెప్పడం, ముగ్గు తీర్చడమంటే రూపు దిద్దడం. దేవుడు నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడిగా మారుస్తాడా అన్నచోటే ప్రొటెస్టంట్ ఉద్యమానికి నాంది పలికిన లూథర్ పక్షమూ, 1547లో ట్రెంట్‌లో జరిగిన తమ మహాసభలో తీర్మానించిన కతోలికులూ వేరుపడ్డారు. 1999లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ, కతోలికులూ ఈ విషయం మీదే ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశారు. రోమా 3:24లో ‘నీతిమంతులని తీర్చబడుచున్నారు’ అన్నప్పుడు, ఆ ‘అని’ వల్ల తీర్పు అర్థం గట్టిపడుతుంది. 5:1లో ‘నీతిమంతులముగా తీర్చబడి’ అన్నచోట రెండూ పలుకుతాయి.

‘బడు’ ప్రయోగం తెలుగుకు సహజం కాదని నేనే చాలామందికి చెబుతుంటాను. ఇక్కడ మాత్రం అది ఉండి తీరాలి. ఆ పని మనిషి తనకు తాను చేసుకునేది కాదు కదా.

పాస్టర్ గారి భావంలో తప్పు లేదు. ఉత్త ‘నీతిమంతుడు’ అంటే మాత్రం ఊరివాళ్లు నడవడి అనే చదువుకుంటారు. ‘విశ్వాసమూలమున నీతిమంతుడుగా తీర్చబడినవాడు’ అని పూర్తిగా చెక్కించండి. చోటు చాలకపోతే ఇంకేదైనా తగ్గించండి గానీ ‘తీర్చబడిన’ తీసేయకండి.