నరం తీసేముందు కాస్త ఆగు, బిడ్డా

బిడ్డా,

దేవరకొండలో క్లినిక్ పెట్టినప్పటి నుంచి రోజూ ఒకటే మాట వింటున్నానని రాశావు: "డాక్టరమ్మా, నరం తీసెయ్యండి, పీడ పోతది." నల్లగొండలో నేను ప్రాక్టీసు చేసినన్నాళ్లూ నాకూ అదే మాట. మనవాళ్ల లెక్కలో పంటి నరమంటే నొప్పి, అంతే. నిజం చెప్పాలంటే చాలామంది డాక్టర్ల లెక్క కూడా అదే.

నువ్వు రాసిన ఆ రెండో తరగతి పిల్లవాడి పుచ్చు పన్ను సంగతికి వస్తాను. పాల పన్నే కదా పీకెయ్యమంటున్న తండ్రికి ముందు అది పాల పన్ను కాదని చెప్పు. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే వెనక నుంచి వస్తుంది కాబట్టి ఆ దవడ పన్ను విషయంలో చాలా ఇళ్లల్లో ఇట్లాగే పొరబడతారు. దాని వేర్లు పూర్తి కావాలంటే తొమ్మిది, పదేళ్లు రావాలి. అంటే పన్ను పైకి వచ్చింది గానీ, లోపల పని ఇంకా నడుస్తూనే ఉంది. ఆ పని చేసేవి డెంటిన్, అంటే ఎనామిల్ కింది గట్టి పొర, కట్టే ఒడాంటోబ్లాస్ట్ కణాలు. అవి పల్పు, అంటే పంటి లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం, అంచున వరుసగా నిలబడి, సన్నటి తోకలను డెంటిన్ గొట్టాల్లోకి చాపి ఉంటాయి. నరాల పోగులు ఆ వరుస మధ్య నుంచి దూరి, అవే గొట్టాల్లోకి మిల్లీమీటరులో పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో వెళ్తాయి. ఇంత పక్కపక్కన ఉన్నవాటికి ఒకదానితో ఒకటి పని లేకుండా ఎట్లా ఉంటుంది?

2014లో రెండు పరిశోధనలు వచ్చాయి, తప్పకుండా చదువు. జీవితాంతం పెరిగే చిట్టెలుక ముందు పంటిలో, జ్ఞాన నరాలు సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే ప్రోటీన్‌ను వదులుతాయని, పక్కనున్న రక్తనాళం చుట్టూ ఉన్న మూలకణాలు ఆ సంకేతం అందుకుంటాయని కాలిఫోర్నియా వాళ్లు చూపించారు. ఆ మూలకణాల నుంచే పల్పు, ఒడాంటోబ్లాస్టులు తయారవుతాయి. స్వీడన్ వాళ్లది ఇంకా విచిత్రం. నరానికి తొడుగులా ఉండే కణాల్లో కొన్ని నరాన్ని వదిలి వచ్చి, తామే ఒడాంటోబ్లాస్టులుగా మారుతున్నాయట. మనిషి పన్ను ఎలుక పన్నులా పెరగదు కాబట్టి దీన్నంతా పేషెంటుకు అప్పజెప్పకు. కానీ అంతకు చాలా ముందే, దవడ నరం కోసిన ఎలుకల్లో పల్పు తెరిచి చూస్తే, నరం ఉన్న పళ్లకంటే వాటిలో పల్పు ఎక్కువగా పాడైంది. దెబ్బ తగిలిన చోటికి నరం పోగులు కొత్తగా చిగురించడం, అవి వదిలే పదార్థాలు రక్తనాళాలను వెడల్పు చేయడం కూడా తెలిసిన సంగతే. మన చెరువు నీరటి కట్ట తెగినప్పుడు కేకలు పెట్టడమే కాదు, ఏ పొలానికి ఎంత నీళ్లు వదలాలో కూడా చూసుకుంటాడు కదా, పంటి నరం పనీ అదే.

ఇక పరీక్ష. చల్లటి నీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గుతోందా, లేక అట్లాగే గుంజుతూ రాత్రి నిద్ర లేపుతోందా అని అడుగు. తల్లిని అడుగు, పిల్లవాడు అన్నింటికీ తలూపుతాడు. ఆర్‌ఎంపీ ఇచ్చిన గోలీ వేసుకుని వచ్చాడేమో కూడా కనుక్కో. కోల్డ్ టెస్టుకు ఏమీ తెలియడం లేదన్నాడని పన్ను చచ్చిందని రాసెయ్యకు. వేరు పూర్తికాని పంటిలో నరం పోగులు ఇంకా ముదరవు, ఆ జవాబును నమ్మలేం. చీము పొక్కు ఉందా, ఎక్స్‌రేలో వేరు కొన నల్లబడిందా చూడు. అవి ఉంటే మొండికెయ్యకుండా హైదరాబాద్ ప్రభుత్వ డెంటల్ కాలేజీకి పంపు.

లేకపోతే పంటికి ఉమ్మి తగలకుండా రబ్బర్ డ్యామ్ అనే పల్చటి రబ్బరు తెర కట్టి మొదలుపెట్టు. అంచుల దగ్గర గట్టి డెంటిన్ తగిలేదాకా పుచ్చు తియ్యి. పల్పు మీది ఆఖరి పొర మెత్తగా ఉన్నా వదిలెయ్. ఒకవేళ గుండుసూది తలంత ఎర్రటి చుక్క కనబడిందా, కంగారు పడి నరం తీసే ఫైల్ అందుకోకు. క్రిములను చంపే హైపోక్లోరైట్ మందులో తడిపిన దూది అదిమి కాసేపు ఆగు. రక్తం ఎర్రగా ఉండి నిమిషాల్లో ఆగితే పల్పును కప్పే సిమెంటు, ఎంటీఏ, పెట్టు. ఆగకపోతే రెండు మిల్లీమీటర్ల పల్పు తీసి మళ్లీ చూడు. ఫిల్లింగ్ మాత్రం ఆరోజే పూర్తి చెయ్. పత్తి ఏరేటప్పుడు తండాల వాళ్లు "రేపు రండి" అంటే రారు.

మర్రిగూడ, మునుగోడు వైపు నుంచి గార పళ్లతో, అంటే ఫ్లోరైడ్ వల్ల మచ్చలు పడిన పళ్లతో, వచ్చేవాళ్లలో ఇంకో చిక్కుంది. గుంటలు పడిన ఎనామిల్‌లో పుచ్చు ఎక్కడుందో కంటికి ఆనదు, ఎక్స్‌రే తప్పదు. ఫ్లోరైడ్ పాడుచేసేది ముఖ్యంగా ఎనామిల్ కట్టే కణాల పనిని. పన్ను చిగురు దాటేసరికి ఆ కణాలే ఉండవు, అందుకే గార తనంతట పోదు. డెంటిన్ కట్టే కణాలు మాత్రం పల్పు బతికున్నంత కాలం పని చేస్తూనే ఉంటాయి.

ఆరు నెలలకు, ఏడాదికి ఎక్స్‌రే తీసి వేరు గోడ మందమైందా, కొన మూసుకుందా పోల్చి చూడు. తేదీలు దసరా సెలవుల్లోనో, వేసవి సెలవుల్లోనో పడేలా ఇవ్వు.

"నరం తియ్యలేదు కదా, పైసలెందుకు?" అని ఆ తండ్రి అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. ఎక్స్‌రే చేతికిచ్చి తెరిచి ఉన్న వేరు కొన చూపించు. నరం తీసే రూట్ కెనాల్ కంటే తక్కువే తీసుకో, కానీ ఉచితంగా మాత్రం చెయ్యకు. పైసలు పెట్టినవాడే మళ్లీ చూపించుకోవడానికి వస్తాడు.

మీ పెదనాన్న