యాప్‌లో ‘హలాల్’ ముద్ర ఒక్కటే చాలా?

ప్రశ్న: షరియా సూత్రాలను పాటించే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత మొత్తం పెట్టాలనుకుంటున్నాను. ఫోన్‌లోని యాప్ ఒక ఫండ్ పేరు పక్కన ‘హలాల్’ అని చూపిస్తోంది. అది చూసి పెట్టుబడి పెట్టవచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: ఆ ముద్రను నమ్మవద్దని అనను గానీ, దాని వెనుక ఏ లెక్క ఉందో తెలుసుకోకుండా డబ్బు పెట్టవద్దని గట్టిగా చెబుతాను. వడ్డీ వ్యాపారం, మద్యం, జూదం, పందిమాంసం వంటి రంగాలను పక్కన పెట్టే విషయంలో ఈ ఫండ్లన్నిటిదీ దాదాపు ఒకే దారి. తేడా వచ్చేది కంపెనీల అప్పుల దగ్గర. వడ్డీ అప్పు బొత్తిగా లేని పెద్ద కంపెనీలు అరుదు కనుక, షరియా పండితులు ఒక హద్దు వరకు సడలింపు ఇచ్చారు. బహ్రెయిన్‌లోని ఆయోఫీ అనే ప్రమాణాల సంస్థ ఆ హద్దును కంపెనీ మార్కెట్ విలువలో, అంటే దాని షేర్లన్నిటి మొత్తం ధరలో 30 శాతంగా పెట్టింది. షరియాకు సరిపడే షేర్ల జాబితా అయిన డౌ జోన్స్ ఇస్లామిక్ సూచీ, అప్పు 24 నెలల సగటు మార్కెట్ విలువలో 33 శాతం లోపు ఉండాలంటుంది. ఎంఎస్‌సీఐ అనే మరో సూచీల సంస్థ ఇస్లామిక్ సూచీల్లో ప్రధాన శ్రేణి అప్పును మొత్తం ఆస్తులతో పోలుస్తుంది.

ఇది చిన్న తేడా కాదు. ఒక కంపెనీ మార్కెట్ విలువ 100, అప్పు 28 అనుకోండి. షేరు ధర పడిపోయి విలువ 70కి దిగితే, కొత్తగా ఒక్క పైసా అప్పు చేయకపోయినా నిష్పత్తి 40 శాతానికి చేరుతుంది. నిన్న హలాల్ అనిపించుకున్న షేరు నేడు ఒక కొలత ప్రకారం అనర్హమై, మరో కొలత ప్రకారం అర్హంగానే మిగిలిపోవచ్చు. యాప్ ఈ మార్పును త్వరగా పసిగట్టగలదు, అందుకు దాన్ని మెచ్చుకోవలసిందే. అయితే ఏ ప్రమాణం అనుసరించాలో అది తనంతట తాను తేల్చదు. కాబట్టి ఫండ్ పత్రంలో షరియా బోర్డు సభ్యులెవరో, ఏ ప్రమాణం పాటిస్తున్నారో, ఎన్నాళ్లకోసారి తనిఖీ చేస్తారో చదవండి. రాబడిలో కలిసిన అనుమతి లేని ఆదాయాన్ని లెక్కగట్టి దానధర్మాలకు ఇచ్చే శుద్ధి బాధ్యత ఫండ్‌దా, మీదా అన్నది కూడా అందులోనే చూసుకోండి.

ప్రశ్న: హలాల్ ఫండ్‌లో నష్టభయం తక్కువేనా? – మరో పాఠకుడు

జవాబు: కాదు. షరియా అనుమతి ధర్మానికి సంబంధించినది, లాభానికి హామీ కాదు. సంప్రదాయ బ్యాంకుల షేర్లు ఇందులో ఉండవు కనుక పెట్టుబడి కొన్ని రంగాల్లోనే ఎక్కువగా గుమిగూడవచ్చు. నిర్వహణ ఖర్చు ఎంతో, మీ డబ్బు ఎన్నేళ్లు కదపకుండా ఉంచగలరో చూసుకున్నాకే నెలవారీ వాయిదా మొదలుపెట్టండి.