పప్పు మాన్పిస్తే అమ్మోనియా తగ్గుతుందా?

ప్రశ్న: చిత్తూరు నుంచి వచ్చి మా దగ్గరే ఉంటున్న మా మామగారికి 64 ఏళ్లు, బరువు 60 కిలోలు. ఆయనకు లివర్ సిర్రోసిస్ (కాలేయం గట్టిపడే జబ్బు) ఉంది. పోయిన నెల మగతలో పడి, ఆ రోజు ఏ వారమో కూడా చెప్పలేకపోతే ఆసుపత్రిలో చేర్చాము. రక్తంలో అమ్మోనియా పెరిగిందన్నారు. అది మాంసకృత్తుల నుంచే పుడుతుందని విని, మా అత్తగారు పప్పు, పాలు, గుడ్డు మాన్పించి చారన్నంతో పథ్యం పెడుతున్నారు. డాక్టరుగారు మాత్రం అన్నీ పెట్టమంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: డాక్టరుగారి మాటే వినండి. అయితే మీ అత్తగారి భయంలోనూ సగం నిజం ఉంది.

తిన్న పప్పులోని మాంసకృత్తులు పేగుల్లో అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలుగా విడిపోయి, రక్తంతో పాటు నేరుగా కాలేయానికి చేరతాయి. వాటిలో కొన్నింటితో కాలేయం ఆల్బుమిన్ వంటి రక్తంలోని మాంసకృత్తులను తయారు చేసుకుంటుంది. మిగిలినవాటిని కొవ్వులాగా దాచుకునే కొట్టు మన ఒంట్లో లేదు కనుక, వాటిలోని నత్రజని భాగాన్ని ఊడదీసి, తక్కినదాన్ని గ్లూకోజుగానో ఇంధనంగానో వాడుకుంటుంది. రిపోర్టుల్లో మీరు చూసే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ ఈ పనిలో పాలుపంచుకునే ఎంజైములే. ఊడిన నత్రజని అమ్మోనియాగా నిలిచిపోతే మెదడుకు చేటు. దాన్ని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగించే చక్రాన్ని 1932లో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలీట్ జర్మనీలో కనుగొన్నారు. గట్టిపడిన కాలేయంలో ఈ చక్రం మందగిస్తుంది. పైగా పేగుల నుంచి వచ్చే రక్తంలో కొంత కాలేయాన్ని తాకకుండా పక్కదారిన పోతుంది.

మీ అత్తగారి లెక్కలోకి రానిది కండరం. కాలేయం చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాను పట్టి గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లంగా మార్చేది ముఖ్యంగా కండరమే. తిండిలో మాంసకృత్తులు తగ్గితే శరీరం ఆ కండనే కరిగించుకుంటుంది, కరిగిన కండ నుంచి పుట్టేదీ అమ్మోనియానే. లోపలికి వచ్చే నత్రజని కన్నా బయటికి పోయేది ఎక్కువవుతుంది. మనిషి చిక్కిపోతాడు, మగతా వదలదు.

సిర్రోసిస్ ఉన్నవారికి సాధారణంగా రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. మీ మామగారికి అది 72 నుంచి 90 గ్రాములు. మూడు పూటలా చారన్నం పెట్టినా అందులో సగం రాదు. మాంసం కన్నా పప్పులు, పాలు, పెరుగు ఇటువంటివారికి బాగా ఒంటబడతాయి, గుడ్డు మానక్కర్లేదు.

రాత్రి సంగతి మరీ ముఖ్యం. ఈ జబ్బులో కాలేయం గ్లూకోజు నిల్వలు ఉంచుకోలేదు కనుక, ఒక్క రాత్రి ఖాళీ కడుపు ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు పస్తున్నంత పని చేస్తుంది. పడుకునే ముందు పాలు కలిపిన రాగిజావ ఒక గ్లాసు ఇవ్వండి. షుగరు ఉంటే బెల్లం వేయకండి. మలబద్ధకం అమ్మోనియాను పెంచుతుంది కాబట్టి, లాక్టులోజ్ అనే విరేచనాల మందు రాసి ఉంటే రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనమయ్యేలా డాక్టరు చెప్పిన మోతాదులో వాడండి.

రోజూ పొద్దున్నే పేపరు అంచున ఆయన చేత సంతకం పెట్టించండి. అక్షరాలు వంకర పోతున్నా, పగలు నిద్రపోయి రాత్రంతా మేలుకుంటున్నా, మర్నాటికి వాయిదా వేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.