పరీక్షల విభాగంలో చేరబోతున్న పాపకు

పాపా,

ఆర్డర్ చేతికొచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎస్వీ యూనివర్సిటీలో, అదీ పరీక్షల విభాగంలో. చాలా సంతోషమైంది. పాఠం చెప్పేవాళ్లకొచ్చే పేరు మన సీట్లకు రాదు. ఆ వెలితి కొన్నాళ్లు బాధపెడుతుంది, నన్నూ పెట్టింది. కానీ పిల్లలు మూడేళ్లు చదివిన చదువుకు రుజువుగా నిలిచే కాగితం తయారయ్యేది మన టేబుళ్ల మీదే.

1954లో మొదలైన యూనివర్సిటీ అది. కడపలో యోగి వేమన వచ్చింది 2006లో, నెల్లూరులో విక్రమ సింహపురి 2008లో. అంతకు ముందు ఆ జిల్లాల్లో డిగ్రీ పాసైనవాళ్ల మార్కుల లెక్క మన తిరుపతిలోనే ఉంది. అందుకే నీ దగ్గరికి ఇరవై ఏళ్ల కుర్రాడూ వస్తాడు, రిటైర్మెంట్ దగ్గరపడిన ప్రొద్దుటూరు మాస్టారూ వస్తారు. కంప్యూటర్లో కనపడలేదని ‘లేదు’ అనెయ్యకు. ఏ నెల, ఏ సంవత్సరం పరీక్షో అడుగు. హాల్ టికెట్ నంబరు గుర్తులేదంటే కాలేజీ పేరు పట్టుకుని, అందరి మార్కులూ ఎక్కించి ఉండే టాబ్యులేషన్ రిజిస్టరు వరసగా చూడు. ఒక్క సబ్జెక్టు పోయి సప్లిమెంటరీలో గట్టెక్కినవాళ్లు ఆ తర్వాతి పుస్తకంలో ఉంటారు. పాత రిజిస్టర్ల పేజీని పైమూల పట్టి లాగకు, అంచు పొడిపొడిగా రాలిపోతుంది. కిందనుంచి అరచెయ్యి జొనిపి మెల్లగా తిప్పు.

పేర్ల దగ్గర మరీ జాగ్రత్త. లక్ష్మికి ఇంగ్లీషులో చివర ఐ పెట్టారా, వై పెట్టారా? వెంకటసుబ్బయ్య ఒక మాటా, రెండు మాటలా? ఇంటిపేరు ముందుందా, వెనకా? టెన్త్ మార్కుల లిస్టు పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడు. ఒక్క అక్షరం తేడా ఉంటే వీసా దగ్గరో, ఉద్యోగం దగ్గరో ఆగిపోయేది ఆ పిల్లలే.

యూనివర్సిటీకి రాకముందు నేనొక కాలేజీ ఆఫీసులో చేసేవాణ్ణి. పుంగనూరు వైపు నుంచి ఒకాయన తమ్ముడి టీసీ కోసం వచ్చాడు. మొదటిసారి ఫోటో లేదని పంపాను, రెండోసారి లైబ్రరీ నో డ్యూస్, అంటే బాకీ ఏమీ లేదన్న కాగితం, లేదని పంపాను. మూడోసారి అప్లికేషన్ నా ముందు పెట్టాడు. దానికి గుండుసూదితో బస్సు టికెట్లు గుచ్చి ఉన్నాయి, వచ్చినవీ పోయినవీ అన్నీ. ఎందుకివి అంటే, ‘డబ్బులు అన్న ఇచ్చినాడు సార్, లెక్క చెప్పాల’ అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు సంగతులూ మొదటిరోజే చెప్పి ఉండొచ్చు. ఆ టికెట్లు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి.

అప్పటినుంచి, ఎవరొచ్చినా కావలసినవన్నీ ఒక చీటీ మీద రాసిచ్చేవాణ్ణి. ఎంత కట్టాలి, ఏ కాగితాలు తేవాలి, ఎన్ని రోజులు పడుతుంది, అంతే. రెండు నిమిషాల పని. నువ్వూ అలాగే చెయ్యి. బ్రహ్మోత్సవాల రోజుల్లో అయితే మరీ చూసుకోవాలి. ఊరంతా జనం, రూములు దొరకవు, పని సాయంత్రానికి కాకపోతే వాళ్లు బస్టాండులో పడుకోవాలి.

ఫైలు సంగతి సీట్లో కూర్చుంటే అదే వస్తుంది. నోట్ రాసేటప్పుడు అడిగిందేమిటి, రూలేమిటి, ఇదివరకు ఇలాంటి దానికి ఏం చేశారు అన్న మూడూ ఉండాలి. వచ్చిన ప్రతి టపాలూ ఇన్‌వర్డ్ నంబరుతో నీ రిజిస్టర్లో ఎక్కించాకే ఇంటికి బయల్దేరు. పైవాళ్లు నోటిమాటగా ఏదైనా చెయ్యమంటే ఎదురు చెప్పక్కర్లేదు, ‘చర్చించిన ప్రకారం’ అని నోట్‌లో రాసి సంతకానికి పెట్టు. సరైన పనైతే సంతకం వస్తుంది. చార్జ్ తీసుకునే రోజున రిజిస్టర్లన్నీ నువ్వే లెక్కపెట్టు, లిస్టులో ఉండి బీరువాలో లేనిదానికి సంతకం పెట్టొద్దు.

ఫలితాలొచ్చిన వారం టెన్షన్ ఎక్కువ. కౌంటర్లో అరుస్తారు. అది నీ మీద కోపం కాదు పాపా, వాళ్లకు అడ్మిషన్ తేదీ దాటిపోతోంది. అన్నం మాత్రం మానొద్దు.

సోమవారం పొద్దున్నే వెళ్లు. ఒరిజినల్స్, మూడు సెట్ల జిరాక్సులు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ముందురోజే సర్దిపెట్టుకో. మధ్యాహ్నం చేరితే జీతం మర్నాటి నుంచే లెక్క, అందుకని జాయినింగ్ రిపోర్టులో తేదీ పక్కన ఎఫ్.ఎన్., అంటే ఫోర్‌నూన్, పొద్దుటిపూట, అని రాయడం మర్చిపోకు.

మామ