మూట కొలిచారు, విప్పలేదు

చిరంజీవి అమ్మలుకి, బాబాయి ఆశీస్సులు.

సెవిల్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం. నువ్వు పంపిన ప్రతిపాదన రెండుసార్లు చదివాను. స్పెయిన్, అమెరికాల మధ్య మూడు వందల ఏళ్ల వ్యాపారాన్ని నాలుగేళ్లలో తేల్చేస్తానన్నావు. అంత నెత్తిన పెట్టుకోకు తల్లీ.

గార్సియా-బాకెరో సంగతే చూడు. సెవిల్ యూనివర్సిటీలో ప్రొఫెసరుగా చేశాడు, ఈ రంగంలో ఆయన్ని చదవకుండా ఎవరికీ అడుగు పడదు. 1972లో వేసిన పుస్తకం స్పెయిన్ రేవు కాదిస్ వ్యాపారం చితికిపోయిన రోజుల గురించి మాత్రమే. 1976లో వెనక్కి జరిగి 1717 నుంచి 1778 దాకా పట్టుకున్నాడు. మొత్తం కథ ఒకచోట చెప్పింది 1992లో. ఇరవై ఏళ్లు!

స్పెయిన్ వాళ్ల అమెరికా వలసల కాగితాలు దాచిన సెవిల్‌లోని ఇండీస్ ఆర్కైవ్‌లో దాదాపు 43,000 దస్త్రాల కట్టలున్నాయి. పాత కాలపు కోర్టు రాతలో గుమాస్తా కలం ఎత్తకుండా గొలుసులా లాక్కుపోతాడు, మాటకీ మాటకీ సందుండదు. పద్దెనిమిదో శతాబ్దపు చేతిరాత కొంత నయం. అందుకైనా అక్కడ మొదలుపెట్టు.

లెక్కలు కూడేముందు ఆ కాగితం ఎందుకు రాశారో కనుక్కో. 1720 నిబంధనల ప్రకారం కాదిస్‌లో మూటల్ని విప్పేవారు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు జానలతో కొలిచి, ఘనపు జానకి ఇంతని సుంకం వేసేవారు. లోపల పట్టున్నా ముతక గుడ్డున్నా సుంకం ఒకటే. దాన్ని పాల్మెయో అంటారు. ఇది తెలియక నేను మూటకింత ధరని వేసుకుని సరుకు విలువ తేల్చేశాను. మా గైడు "మూటలో ఏముందో చూశావా?" అని ఒక్క మాటడిగాడు. ఎనిమిది నెలల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది.

వెండి సంగతీ అంతే. హామిల్టన్ అనే చరిత్రకారుడు 1934లో రాజుగారి పద్దులు చూసి పదిహేడో శతాబ్దంలో అమెరికా నుంచి వెండి రాక పడిపోయిందన్నాడు. మిషెల్ మొరినో అనే మరో చరిత్రకారుడు డచ్చి వార్తాపత్రికల్లో ఓడల రాక తిరగేసి, 1985లో కాదు పొమ్మన్నాడు. గుమాస్తాకి చూపించని వెండి ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిందన్నమాట. కాస్త డచ్చి నేర్చుకో.

ప్రతిపాదనని ఒక రేవుకి, ఒక సుంకానికి కుదించి మళ్లీ పంపు. మన కోరమాండల్ గుడ్డలు మనీలా మీదుగా మెక్సికోలోని అకపుల్కో చేరిన సంగతి మీద నీకు మనసుందని తెలుసు. అది రెండో పుస్తకానికి దాచుకో.

మీ బాబాయి