తేమ రోజుల్లో గిటార్ తీగలు: అడుగువైపు తుడుస్తున్నారా?

వానలు మొదలయ్యాక కొత్త తీగలు కూడా రెండు మూడు వారాల్లోనే నల్లబడి గరుకెక్కుతున్నాయని, రోజూ తుడుస్తున్నా లాభం లేదని, ఏం చేయాలని ఒకరు అడిగారు. నేనూ చాలాకాలం ఈ బాధ పడ్డాను. వాయించిన ప్రతిసారీ తుడిచేవాణ్ణి, అయినా సన్న తీగలు తుప్పు పట్టేవి. ఒకసారి సెట్ మార్చడానికి తీగలు విప్పి, పాత తీగను వెలుతురులో తిరగేసి చూస్తే అప్పుడు అర్థమైంది. పైభాగం మెరుస్తూనే ఉంది. ఫ్రెట్‌బోర్డ్ (వేళ్లతో తీగలు నొక్కే చెక్క) వైపున్న అడుగు మాత్రం, మొదటి నాలుగు ఫ్రెట్ల (ఆ చెక్క మీది అడ్డ లోహపు కమ్మీల) మేర, ఎర్రటి చుక్కలతో నిండి ఉంది. అన్నాళ్లూ నా గుడ్డ అక్కడిదాకా వెళ్లనేలేదు.

అసలు సంగతి చెమటలోని ఉప్పు. నీరు ఆరిపోయినా ఉప్పు తీగ మీదే మిగులుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ గాలిలోని నీటినే పీల్చుకుని కరిగిపోతుంది. గిటార్ పక్కన పెట్టేసి మీరు నిద్రపోతారు, తీగ మీద మాత్రం పలుచటి ఉప్పునీటి పొర రాత్రంతా తడిగానే ఉంటుంది. పొడి రోజుల్లో అదే ఉప్పు ఎండిపోయి పెద్దగా హాని చేయదు. అందుకే తేమతో పోరాడేకంటే ముందు ఉప్పును వదిలించుకోండి.

వాయించే ముందు సబ్బుతో చేతులు కడుక్కుని పూర్తిగా ఆరనివ్వండి. వాయించాక పొడి నూలుగుడ్డను తీగ కిందికి పోనిచ్చి, పైకి మడిచి, రెండు వేళ్లతో నొక్కిపట్టి బ్రిడ్జ్ (గిటార్ డొల్ల మీద తీగలు బిగించే చోటు) నుంచి నట్ (మెడ చివర తీగలు ఆనే చిన్న పట్టీ) దాకా లాగండి. ఆరు తీగలకూ విడివిడిగా. మొత్తం రెండు నిమిషాల పని. ఆ గుడ్డను వారానికోసారి ఉతకడం మర్చిపోవద్దు. ఉతకని గుడ్డ నిండా పాత ఉప్పే ఉంటుంది, దాన్నే మళ్లీ తీగలకు పూస్తాం. ఈ ఒక్క అలవాటు వచ్చాక అదే రకం తీగలు నాకు వానల్లో కూడా దాదాపు రెండు నెలలు వస్తున్నాయి.

మీది మామూలు అకూస్టిక్ (కరెంటు అవసరం లేని) గిటార్ అయితే ముందుగా అన్నిటికంటే సన్నని 1, 2 తీగలను గమనించండి. అవి చుట్టు లేని ఉక్కు తీగలు, పైన పలుచటి తగరం పూత ఉంటుంది. అది అరిగిన చోట తుప్పు మొదలవుతుంది. మిగతా నాలుగింటికి ఉక్కు తీగ చుట్టూ కంచు చుట్టు ఉంటుంది. రాగి ఎక్కువ కాబట్టి అవి రంగు మారి చిలుము పడతాయి, చుట్ల మధ్య మురికి చేరి మోత మందగిస్తుంది. వాటి కోసం వారానికోసారి ఐసోప్రోపిల్ ఆల్కహాల్ గుడ్డకు కొద్దిగా అద్ది తుడుస్తాను. అది చెక్క మీద పడితే ఫ్రెట్‌బోర్డ్ ఎండిపోతుంది, కొన్ని పాలిష్‌లు పాడవుతాయి కూడా. అందుకని తీగల కింద అట్టముక్క పెట్టుకుంటాను.

నూనె మాత్రం వద్దు. ఒకప్పుడు కుట్టుమిషన్ నూనె రాశాను. రెండు రోజుల్లో లావు తీగల మోత చచ్చిపోయింది, దుమ్ము కూడా అంటుకుంది.

వాయించిన వెంటనే కేస్ మూసేయకండి, చేతి తడి లోపలే ఉండిపోతుంది. పది పదిహేను నిమిషాలు ఫ్యాన్ గాలికి ఉంచి, తర్వాత తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో కేస్‌లో పెట్టండి. చిన్న తేమ మీటర్ కూడా లోపల ఉంటే మంచిది. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే తీగలకూ చెక్కకూ క్షేమం. మరీ పొడిబారినా చెక్క పగుళ్లిస్తుంది, కాబట్టి పొట్లాలు ఎన్ని పెట్టాలో మీటర్ చూసి పెట్టండి.

పాలిమర్ పూత ఉన్న తీగలు ధర ఎక్కువే, కానీ చేతులు బాగా చెమర్చేవాళ్లకు ఈ కాలంలో కొనదగినవే అంటాను. అదనంగా కొని ఉంచుకున్న సెట్ల కవర్లు అవసరమైనప్పుడే విప్పండి.

ఇప్పటికే గరుకెక్కిన తీగలను మాత్రం స్టీల్ పీచుతో రుద్ది నిలబెట్టాలని చూడొద్దు. ఉన్న కాస్త పూతా పోతుంది. తుప్పు తీగ ఫ్రెట్లను ఆకురాయిలా అరగదీస్తుంది, ఫ్రెట్లు మార్చడం తీగలు మార్చడమంత తేలిక కాదు. అలాంటి తీగలను ఇవాళే తీసేయండి.